పశువుల యాంటీబయాటిక్‌లు, మిశ్రమ మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక మందు గురించి అడిగితే జవాబు చెప్పడం తేలిక. పేరు, మోతాదు, ఏ జంతువుకు, ఎన్నాళ్లు అన్నవి లేబుల్ మీదే ఉంటాయి. "ఈ రెండూ కలిపి ఇస్తే?" అని అడిగినప్పుడే నీళ్లు నమలాల్సి వస్తుంది. ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ రెండో రకానివే. ఏ పశువుకు ఎంత మందు అన్నది దాన్ని కళ్లారా చూసిన పశువైద్యుడు తేల్చాల్సిన విషయం కాబట్టి మోతాదుల జోలికి వెళ్లలేదు.

పశువులకు యాంటీబయాటిక్‌లు ఎందుకు వాడతారు?

నాలుగు కారణాలు చెబుతారు. జబ్బు పడిన జంతువుకు చికిత్స మొదటిది. మందలో కొన్నింటికి జబ్బు కనిపించగానే, అంటుకునే ప్రమాదం ఉన్న మిగతావాటికీ కలిపి ఇవ్వడం రెండోది. ఏ జబ్బూ లేకపోయినా వస్తుందేమోనని ముందుగానే ఇవ్వడం మూడోది. నాలుగోదానికి జబ్బుతో సంబంధమే లేదు. దాణాలో కొద్దిపాటి మందు కలిపితే జంతువు త్వరగా బరువెక్కుతుందని ఇస్తారు.

చట్టం దృష్టిలో ఈ నాలుగూ ఒకటి కావు. ఒకే మందుకు మొదటి అవసరానికి అనుమతి ఉండి, నాలుగోదానికి నిషేధం ఉండవచ్చు. అందుకే "ఫలానా యాంటీబయాటిక్ నిషేధమా?" అని ఎవరైనా అడిగితే, "దేనికి వాడాలని?" అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

బరువు పెంచడానికి యాంటీబయాటిక్ అనే ఆలోచన ఎక్కడ పుట్టింది?

అనుకోకుండా పుట్టింది. 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు కోడిపిల్లలకు బీ12 విటమిన్ చవకగా ఎలా అందించాలా అని వెతుకుతున్నారు. క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిపోయే పిప్పిలో ఆ విటమిన్ ఉంటుంది. దాన్ని తిన్న కోడిపిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్కే అందుకు కారణమని తర్వాత తేలింది. 1951 నాటికే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాణాలో యాంటీబయాటిక్‌లకు తలుపులు తెరిచింది.

ఆ తలుపులు మూయడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది. మనుషుల వైద్యంలో పనికొచ్చే మందులను పశువుల బరువు కోసం వాడవద్దని బ్రిటన్‌లో మైకేల్ స్వాన్ నేతృత్వంలోని సంఘం 1969లోనే చెప్పింది. స్వీడన్ 1986లో పూర్తిగా ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఈ వాడకానికి స్వస్తి చెప్పింది. అమెరికా, అదీ మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో మాత్రమే, 2017 జనవరి 1 నుంచి ఆపింది. చైనాలో ఇలాంటి దాణా తయారీ 2020 జులైలో ఆగింది.

మిశ్రమ మందు అంటే కచ్చితంగా ఏది?

మాట ఒకటే గానీ, దాని కింద నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. కంపెనీయే రెండు మూడు మందులను ఒక స్థిరమైన నిష్పత్తిలో కలిపి ఒకే సీసాలోనో ట్యూబులోనో అమ్మేది ఒకటి. దాణా మిల్లులో మేతతో కలిపేది మరొకటి. పశువైద్యుడు ఒకే జంతువుకు రెండు మందులను విడివిడిగా, ఒకే కాలంలో రాసేది మూడోది. ఇక పాకలో బకెట్టులోనో సిరంజిలోనో అప్పటికప్పుడు కలిపేసేది నాలుగోది.

మొదటిదానికి అనుమతి పత్రం ఉంటుంది. రెండోదానికి దాణా నియమాలు వేరుగా ఉంటాయి. మూడోది వైద్యుడి బాధ్యత. నాలుగోదానికి సాధారణంగా ఏ అండా ఉండదు. చిక్కంతా ఎక్కువగా అక్కడే వస్తుంది.

రెండు మందులకూ విడివిడిగా అనుమతి ఉంటే, కలిపినదానికీ ఉన్నట్టే కదా?

కాదు. వీటిలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

నియంత్రణ సంస్థల లెక్కలో మిశ్రమం అంటే మరో కొత్త మందు. భారత్‌లో ఔషధ నిబంధనలు ఈ మాటను సూటిగానే చెబుతాయి. అప్పటికే విడివిడిగా ఆమోదం పొందిన మందులను మొదటిసారి ఒక స్థిర నిష్పత్తిలో కలిపితే అది కొత్త మందే. ఇప్పటికే అమ్ముడవుతున్న మిశ్రమంలో నిష్పత్తి మార్చినా అది కొత్త మందే. యూరప్‌లో స్థిర నిష్పత్తి మిశ్రమాన్ని తెచ్చే కంపెనీ, అందులోని ప్రతి పదార్థం ఎందుకు ఉండాలో సమర్థించుకోవాలి. జాబితా పొడవుగా ఉంటే బలం ఎక్కువ అన్న వాదన అక్కడ చెల్లదు.

అమెరికాలో కథ ఇంకొంచెం మెలికలు తిరుగుతుంది. 1996లో వచ్చిన పశు ఔషధ లభ్యత చట్టం మిశ్రమాల దారిని కొంత సులువు చేసింది. దాణాలోనో తాగే నీటిలోనో వాడే మందులు ఒక్కొక్కటీ అప్పటికే అనుమతి పొంది ఉంటే, మళ్లీ అన్నీ మొదటి నుంచి రుజువు చేయనక్కర్లేదని అంది. అయితే బ్యాక్టీరియా మీద పనిచేసే మందులు ఒకటికి మించి ఉంటే, పైపూత మందులను మినహాయించి, లేబుల్ మీద చెప్పిన ఫలితానికి ప్రతి ఒక్కటీ తన వంతు తోడ్పడుతోందని చూపించాలి. కడుపులోని పురుగుల మందుకు ఇచ్చిన వెసులుబాటు యాంటీబయాటిక్‌ల జంటకు ఇవ్వలేదన్నమాట.

ఇంత పట్టుదల ఎందుకంటే, కలిసినప్పుడు మూడు విషయాలు మారవచ్చు: మందు పనితనం, జంతువు శరీరంలో దాని విషగుణం, పాలలోనూ మాంసంలోనూ అది మిగిలి ఉండే కాలం. విడివిడిగా చేసిన పరీక్షలు ఈ మూడింటికీ జవాబు చెప్పలేవు.

నిజంగా అర్థమున్న మిశ్రమాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని చాలా చక్కనివి. సల్ఫా మందు, ట్రైమెథోప్రిమ్ జంటను చూడండి. బ్యాక్టీరియా బతకడానికి ఫోలేట్ తయారు చేసుకోవాలి. ఆ తయారీలో ఒక మెట్టు దగ్గర సల్ఫా అడ్డుపడుతుంది, ఆ తర్వాతి మెట్టు దగ్గర ట్రైమెథోప్రిమ్ అడ్డుపడుతుంది. ఒకే దారిలో రెండు చోట్ల గండి కొట్టినట్టు. పశువుల మందుల్లో ట్రైమెథోప్రిమ్ ఒక పాలు, సల్ఫా ఐదు పాళ్లు ఉండడం పరిపాటి.

అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం జంట తీరు వేరు. పెన్సిలిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమును కొన్ని బ్యాక్టీరియాలు తయారు చేసుకున్నాయి. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమును పట్టుకుని కూర్చుంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారే, అదే ఇది. క్లావులానిక్ ఆమ్లం సొంతంగా బ్యాక్టీరియాను చంపేది అంతంతమాత్రమే. దాని విలువంతా తోడుండడంలోనే ఉంది.

పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్‌ల పాత జంటలో మొదటిది బ్యాక్టీరియా గోడను బలహీనపరిస్తే, రెండోది లోపలికి దూరుతుంది. లింకోమైసిన్, స్పెక్టినోమైసిన్ జంట పందుల్లోనూ కోళ్లలోనూ వాడుకలో ఉంది. ఒకటి పనిచేయని చోట ఇంకొకటి పనిచేస్తుందన్నది దాని వెనక ఆలోచన. మొదటి రెండు జంటలకున్నంత గట్టి తర్కం దీనికి ఉందని నేను అనను.

కలిపితే బలం తగ్గే జోడీలు ఉంటాయా?

ఉంటాయి. పెన్సిలిన్ ఎదుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు, ఎందుకంటే అది గోడ కట్టుకునే పనిని చెడగొడుతుంది. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా ఎదుగుదలనే ఆపేస్తుంది. గోడ కట్టడం ఆగిపోతే పెన్సిలిన్‌కు చెడగొట్టడానికి పని ఏముంది? ఇది ఊహ కాదు. మెదడు పొరల వాపుతో ఉన్న రోగుల్లో ఒక్క పెన్సిలిన్ ఇచ్చినవారికంటే, దానితోపాటు క్లోర్‌టెట్రాసైక్లిన్ కూడా ఇచ్చినవారిలో మరణాలు ఎక్కువయ్యాయని 1951లో లెప్పర్, డౌలింగ్ ప్రచురించిన పరిశీలన చూపింది. అది మనుషుల అనుభవమే అయినా, బ్యాక్టీరియాకు తాను ఏ శరీరంలో ఉన్నదీ పట్టదు. ప్రతి జబ్బులోనూ ఇంత స్పష్టంగా తేడా కనిపించకపోవచ్చు. కానీ "రెండూ వేస్తే ఏదో ఒకటి తగులుతుంది" అన్న ధీమాకు ఇది గట్టి దెబ్బ.

ఒకే సిరంజిలో, ఒకే నీళ్ల తొట్టిలో కలపవచ్చా?

లేబుల్ మీద కలపవచ్చని రాసి ఉంటే తప్ప వద్దు. సల్ఫా మందుల సోడియం లవణాలు క్షార ద్రావణంలోనే కరిగి ఉంటాయి. ఆమ్ల గుణమున్న మరో మందు పడితే అడుగున తెల్లగా పేరుకుంటాయి. టెట్రాసైక్లిన్‌లు, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడిపోతాయి. అందుకే గట్టి నీళ్లలోనూ, పాలలోనూ, ఖనిజ లవణాల పొడితోనూ వాటి పని మందగిస్తుంది. పెన్సిలిన్ జాతి మందును జెంటామైసిన్ జాతి మందుతో ఒకే సీసాలో ఉంచితే రెండోది నిర్వీర్యమవుతుంది. విచిత్రం ఏమిటంటే, ఈ జంటను శరీరంలోకి వేర్వేరుగా పంపితే కలిసికట్టుగా పనిచేస్తాయి. సీసాలో శత్రువులు, ఒంట్లో మిత్రులు.

ద్రావణం తేటగానే ఉంది కాబట్టి ఫరవాలేదనుకోవడం పొరపాటు. కంటికి కనిపించే మార్పు లేకుండానే మందు చెడిపోవచ్చు.

కలపడం వల్ల జంతువు ప్రాణం పోయే ప్రమాదం ఉందా?

ఉంది. అందరికీ తెలిసి ఉండాల్సిన ఉదాహరణ టియాములిన్. పందుల్లో, కోళ్లలో ఊపిరితిత్తుల, పేగుల జబ్బులకు ఇది మంచి మందు. కోళ్ల దాణాలో కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్, నరాసిన్ వంటి ఐయోనోఫోర్‌లను కలపడమూ మామూలే. విడివిడిగా దేనితోనూ పేచీ లేదు. ఒకేసారి ఒంట్లోకి చేరితే మాత్రం, ఐయోనోఫోర్‌ను విరిచి బయటకు పంపే కాలేయపు ఎంజైములను టియాములిన్ అడ్డుకుంటుంది. దాణాలో ఉన్నది మామూలు మోతాదే అయినా, ఒంట్లో అది విషమయ్యేంతగా పేరుకుపోతుంది. గుండె కండరం, కాళ్ల కండరాలు దెబ్బతింటాయి. పక్షులు నిలబడలేక కూలబడతాయి, చచ్చిపోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. టియాములిన్ లేబుళ్ల మీద, ఇవ్వడానికి ముందూ తర్వాతా కనీసం ఏడు రోజులు ఈ ఐయోనోఫోర్‌లు వద్దని హెచ్చరిక ఉండేది ఇందుకే.

ఇక్కడ గమనించాల్సింది, మిశ్రమాన్ని ఎవరూ కావాలని తయారు చేయలేదు. ఒకటి దాణా సంచిలో ముందే ఉంది. రెండోది వైద్యుడు నీళ్లలో వేయమన్నాడు. కలిసింది కోడి కడుపులో. దాణాలో ఏముందో వైద్యుడికి చెప్పడం అందుకే అంత ముఖ్యం. గుర్రాలకైతే టియాములిన్ తోడు కూడా అక్కర్లేదు. కోళ్ల కోసమో పశువుల కోసమో ఐయోనోఫోర్ కలిపిన దాణా పొరపాటున తిన్నా ప్రాణం మీదికి వస్తుంది.

ఐయోనోఫోర్‌లు యాంటీబయాటిక్‌ల కిందికి వస్తాయా?

ఎవరిని అడుగుతున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికాలో వీటిని యాంటీబయాటిక్‌లుగానే లెక్కిస్తారు, కానీ మనుషుల వైద్యానికి ముఖ్యమైనవి కావంటారు. కాబట్టి 2017 నాటి ఆంక్షలు వీటిని తాకలేదు. యూరప్‌లో కోళ్లకు కాక్సిడియోసిస్ నివారణకు వాడినప్పుడు ఇవి దాణా సంకలితాల జాబితాలో ఉంటాయి. బరువు కోసం వాడడం 2006తో పోయింది. దీనివల్ల "యాంటీబయాటిక్ లేకుండా పెంచినది" అన్న ముద్ర రెండు చోట్లా ఒకే అర్థం ఇవ్వదు. మనుషులకు వీటిని మందుగా ఇవ్వరన్నది మాత్రం ఎక్కడైనా నిజమే.

క్షయ రోగానికి మందులు కలిపే ఇస్తారు, నిరోధకత (బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం) రాకుండా. పశువులకూ అదే న్యాయం వర్తించదా?

మంచి ప్రశ్న. పైకి తర్కం సరిగ్గానే కనిపిస్తుంది. క్షయ బ్యాక్టీరియాకు నిరోధకత దాని సొంత జన్యువులో వచ్చే చిన్న మార్పు వల్ల వస్తుంది. ఒక మందుకు వచ్చే మార్పుకూ ఇంకో మందుకు వచ్చే మార్పుకూ సంబంధం లేదు. రెండూ ఒకే కణంలో ఒకేసారి రావడం అత్యంత అరుదు. కాబట్టి కలిపి ఇవ్వడం అక్కడ పనిచేస్తుంది.

పశువుల పేగుల్లో పరిస్థితి వేరు. అక్కడి బ్యాక్టీరియాలు నిరోధకతను ఒకదానికొకటి చేతులు మార్చుకుంటాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం మీద నాలుగైదు మందులను ఎదుర్కొనే జన్యువులు ఒకే మూటగా ఉండవచ్చు. అప్పుడు ఏ ఒక్క మందు వాడినా మూట మొత్తం బతుకుతుంది.

డెన్మార్క్ అనుభవం దీనికి సాటిలేని సాక్ష్యం. అవోపార్సిన్ అనే మందును దాణాలో కలిపేవారు. అది ఆసుపత్రుల్లో ఆఖరి అస్త్రంగా దాచుకునే వాంకోమైసిన్‌కు దగ్గరి బంధువు. వాంకోమైసిన్‌కు లొంగని ఎంటెరోకాకస్ బ్యాక్టీరియా జంతువుల్లో కనిపించేసరికి డెన్మార్క్ 1995లో అవోపార్సిన్‌ను నిషేధించింది. కోళ్లలో ఆ నిరోధకత తగ్గుముఖం పట్టింది. పందుల్లో మాత్రం తగ్గలేదు. కారణం వెతికితే తేలిందేమిటంటే, పందులకు టైలోసిన్ అనే మరో మందును ఇంకా ఇస్తున్నారు. రెండు మందుల నిరోధక జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. టైలోసిన్ వాడకం తగ్గాకే అవోపార్సిన్ తాలూకు నిరోధకత పందుల్లోనూ తగ్గింది. అంటే నిషేధించిన మందు మచ్చను, నిషేధించని మందు కాపాడుతూ వచ్చింది.

ఇప్పుడు మిశ్రమం గురించి ఆలోచించండి. రెండు మందులను ఎప్పుడూ జంటగానే ఇస్తే, ఆ రెండింటి నిరోధకతనూ ఒకే మూటలో మోసే బ్యాక్టీరియాకు మనమే పీట వేసినట్టు. జబ్బు తీవ్రతను బట్టి అది తప్పని సందర్భాలు ఉంటాయి. అలవాటుగా మాత్రం ఉండకూడదు.

కొలిస్టిన్ గురించి ఇంత గొడవ ఎందుకు?

కొలిస్టిన్ పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని మనుషుల వైద్యంలో ఒకప్పుడు పక్కన పెట్టారు. పశువులకు మాత్రం యథేచ్ఛగా వాడారు. తర్వాత ఇతర మందులేవీ పనిచేయని ఇన్ఫెక్షన్లు ఆసుపత్రుల్లో పెరగడంతో వైద్యులు దాన్నే మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే, 2015 నవంబరులో, కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తోందని చైనా పరిశోధకులు ప్రకటించారు. పందుల్లో, పచ్చి మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా అది కనిపించింది.

తర్వాత నిర్ణయాలు వరుసగా వచ్చాయి. కొలిస్టిన్‌ను మరో యాంటీబయాటిక్‌తో కలిపి నోటి ద్వారా ఇచ్చే పశు ఔషధాలన్నింటి అనుమతులనూ ఉపసంహరించాలని యూరోపియన్ ఔషధ సంస్థ నిపుణుల సంఘం 2016లో సిఫారసు చేసింది. విడిగా ఇచ్చే కొలిస్టిన్‌ను ఆంక్షలతో ఉంచి, మిశ్రమాలను మాత్రం మొత్తంగా తీసేయమంది. మిశ్రమాన్ని చట్టం వేరే మందుగా చూస్తుందనడానికి ఇంతకన్నా తేటతెల్లమైన ఉదాహరణ నాకు తెలియదు. చైనా 2017లో బరువు కోసం దాని వాడకాన్ని ఆపింది. భారత్ 2019 జులైలో ఆహారానికి పెంచే జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణా సప్లిమెంట్లకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీలను నిషేధించింది.

మందులకు తరగతులు ఉంటాయంటారు. మిశ్రమం ఏ తరగతిలోకి వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషుల వైద్యానికి ఎంత ముఖ్యమో చూసి జాబితా వేస్తుంది. 2024 నాటి జాబితాలో మూడో, నాలుగో తరం సెఫలోస్పోరిన్‌లు, క్వినోలోన్‌లు, కొలిస్టిన్ కుటుంబం అగ్రశ్రేణిలో ఉన్నాయి. యూరోపియన్ ఔషధ సంస్థ పశువులకు వాడే కోణంలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు మెట్లు కట్టింది. ఏ అంటే వద్దు, డీ అంటే జాగ్రత్తగా వాడుకోవచ్చు.

ఇందులో మిశ్రమాలకు సంబంధించి ఒక తమాషా ఉంది. ఒంటరి అమాక్సిసిలిన్ డీలో ఉంటుంది. దానికి క్లావులానిక్ ఆమ్లం తోడైతే సీలోకి, అంటే కఠినమైన మెట్టుకు ఎక్కుతుంది. కలిసిన పదార్థం సొంతంగా పెద్ద యాంటీబయాటిక్ కాకపోయినా, జంట దెబ్బ తగిలే బ్యాక్టీరియాల పరిధి విస్తరించింది కాబట్టి. సల్ఫా, ట్రైమెథోప్రిమ్ జంట మాత్రం డీలోనే ఉంది.

మిశ్రమం వాడితే పాలు, గుడ్లు, మాంసం ఎన్నాళ్లు ఆపాలి?

మందు ఆపిన నాటి నుంచి ఉత్పత్తులు వాడకూడని ఈ కాలాన్ని విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. ఇక్కడ విరామ గడువు అందాం. అనుమతి ఉన్న మిశ్రమానికి ఆ మిశ్రమం మీదే పరీక్షలు చేసి గడువు ముద్రిస్తారు. దాన్నే పాటించాలి. రెండు మందులను విడివిడిగా ఒకే కాలంలో ఇస్తే, రెండు గడువుల్లో పెద్దదానికి తక్కువ కాకుండా ఆగడం కనీస నియమం. ఒకదాని విసర్జనను మరొకటి ఆలస్యం చేసే అవకాశం ఉంటే అదీ చాలదు. ఎంత పొడిగించాలో వైద్యుడు చెప్పాలి.

లేబుల్ దాటి, అంటే దాని మీద రాయని జంతువుకో జబ్బుకో వాడినప్పుడు యూరప్ నియమం కచ్చితంగా ఉంటుంది. ఆహారపు జంతువుల్లో ఏదో ఒకదానికి అనుమతి ఉన్న మందైతే, మాంసానికి ఉన్న గడువుల్లో అతి పెద్దదాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. ఆహారపు జంతువులకు అనుమతే లేని మందైతే మాంసానికి కనీసం 28 రోజులు. పాలకు 7, గుడ్లకు 10 రోజులన్నది ఆ రకం ఉత్పత్తికి అనుమతి లేని మందుల విషయంలో కనీస హద్దు. భారత్‌లో గడువు నిర్ధారించని మందులకు పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు, చేపలకు 500 డిగ్రీ రోజులు అని 2012లో నిబంధన చేర్చారు.

డిగ్రీ రోజులు అంటే కంగారు పడనక్కర్లేదు. నీటి ఉష్ణోగ్రతను రోజులతో గుణించడమే. నీరు 25 డిగ్రీలుంటే 20 రోజులు, 20 డిగ్రీలుంటే 25 రోజులు. చల్లటి నీటిలో చేప ఒళ్లు నెమ్మదిగా పనిచేస్తుంది, మందూ నెమ్మదిగా పోతుంది.

అవశేషాలకు పరిమితి మందు మందుకీ వేరేనా?

వేరే. పాలలో పెన్సిలిన్‌కు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములైతే, ఆక్సిటెట్రాసైక్లిన్‌కు 100. అయితే ఒకే కుటుంబపు మందులు కలిసినప్పుడు తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి వీల్లేదు. యూరప్‌లో సల్ఫా మందులన్నీ కలిపి లెక్కిస్తారు. మొత్తం కిలోకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మూడు సల్ఫాల మిశ్రమం ఇచ్చి, ఒక్కొక్కటీ పరిమితికి లోపలే ఉందనడం అక్కడ కుదరదు.

కాచితే పోతుందా అని చాలామంది అడుగుతారు. నమ్ముకోదగినంతగా పోదు. పాలు తోడుకోకపోవడం పెన్సిలిన్ అవశేషానికి పాత ఆనవాలే, ఎందుకంటే తోడులోని బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు ఇట్టే చస్తుంది. కానీ తోడుకున్నంత మాత్రాన ఏ మందూ లేదని కాదు.

మిశ్రమంగానైనా సరే వాడకూడని మందులు ఏవి?

క్లోరాంఫెనికాల్ మొదటిది. మనుషుల్లో ఎముక మజ్జను కొందరిలో కోలుకోలేనంతగా దెబ్బతీస్తుంది. ఇంత లోపు సురక్షితం అని గీత గీయడానికి వీల్లేని మందు కాబట్టి పరిమితి పెట్టకుండా నిషేధించారు. నైట్రోఫ్యూరాన్‌లదీ అదే దారి. భారత్ 2025 మార్చిలో ఈ రెండింటితో చేసిన అన్ని మందులనూ ఆహారపు జంతువుల పెంపకంలో నిషేధించింది. అమెరికాలో వీటితోపాటు మెట్రోనిడజోల్ వంటి నైట్రోఇమిడజోల్‌లను ఆహారపు జంతువులకు లేబుల్ దాటి వాడడం నేరం. ఫ్లోరోక్వినోలోన్‌లనూ, వాంకోమైసిన్ జాతినీ లేబుల్ దాటి వాడకూడదు. కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ అనుమతిని ఆ దేశం 2005లోనే వెనక్కి తీసుకుంది. పేరులో పోలిక ఉన్నా ఫ్లోర్‌ఫెనికాల్ వేరు. ఆ మజ్జ సమస్యకు కారణమైన రసాయన భాగం అందులో లేదు, చాలా దేశాల్లో దానికి అనుమతి ఉంది.

దాణాలో కలిపే మందులకు నియమాలు ఎందుకు మరింత కఠినం?

ఎందుకంటే సూది ఒక జంతువుకు, దాణా వేల జంతువులకు. జబ్బు పడినది సరిగా తినదు, ఆరోగ్యంగా ఉన్నది ఎక్కువ తింటుంది. కాబట్టి మందు అవసరమైనదానికి తక్కువా, అక్కర్లేనిదానికి ఎక్కువా చేరుతుంది. మిల్లు యంత్రంలో మిగిలిన పొడి తర్వాతి దాణాలోకి చేరడం మరో బెడద.

2022 జనవరి 28 నుంచి అమల్లో ఉన్న యూరప్ చట్టాల ప్రకారం యాంటీబయాటిక్ దాణాను ముందు జాగ్రత్తగా వాడకూడదు. ఒకే దాణాలో ఒకటికి మించి యాంటీబయాటిక్ ఔషధాలను వైద్యుడు రాయకూడదు. మందుల చీటీ 5 రోజులే చెల్లుతుంది. అమెరికాలో మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందును దాణాలో వాడాలంటే పశువైద్యుడి ప్రత్యేక ఆదేశపత్రం కావాలి. దాణా విషయంలో లేబుల్ దాటి వాడే స్వేచ్ఛ వైద్యుడికి కూడా లేదు.

యాంటీబయాటిక్‌తో నొప్పి మందు, స్టెరాయిడ్ కలిసి ఉన్నవి?

వాటికీ పై నియమాలే. పొదుగువాపుకు వాడే కొన్ని ట్యూబుల్లో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. ఫ్లోర్‌ఫెనికాల్‌తో ఫ్లునిక్సిన్ అనే నొప్పి మందు కలిపిన సూదిమందు పశువుల ఊపిరితిత్తుల జబ్బుకు వాడతారు. వాపు, జ్వరం తగ్గడం చూసి ఇన్ఫెక్షన్ తగ్గిపోయిందని మందు మధ్యలో ఆపేయడం వీటితో వచ్చే ప్రత్యేక ప్రమాదం.

సప్లిమెంటు, టానిక్ అన్న పేరుతో వచ్చే పొడిని ఎలా నమ్మాలి?

లేబుల్‌ను నమ్మండి, పేరును కాదు. ప్రతి పదార్థం పేరు, పరిమాణం, ఏ జంతువుకు, విరామ గడువు, తయారీ అనుమతి సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. విటమిన్‌ల వరుసలో చివర యాంటీబయాటిక్ పేరు కనిపిస్తే అది టానిక్ కాదు, మందు. పదార్థాల పేర్లే లేకుండా వారంలో బరువు పెంచుతానని చెప్పే పొడిని, అందులో ఏముందో తేలేవరకు, దాణా దగ్గరికి రానివ్వకండి. ఇప్పటికే వాడి ఉంటే సంచిని పారేయకండి. పశువైద్యుడు వచ్చినప్పుడు, ఆయన కొత్త మందు రాయడానికి ముందే, ఆ సంచిని చేతికివ్వండి.